అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత పాపకి భుజం నొప్పి

మా ఏడేళ్ల పాపకి లాపరోస్కోపీతో, అంటే చిన్న కోతల్లోంచి కెమెరా పెట్టి, అపెండిక్స్ తీశారు. మూడు చిన్న కోతలే కదా, రెండ్రోజుల్లో గెంతులేస్తుందనుకున్నాం. ఇంటికొచ్చిన రాత్రి రెండింటికి లేచి, పొట్ట కాదు, కుడి భుజం పట్టుకుని ఒకటే ఏడుపు. మెడ పట్టేసిందేమోనని మా అత్తయ్య నూనె రాయబోతే ఆపి, టెన్షన్‌తో డాక్టరుగారికి ఫోన్ చేశాను.

ఆపరేషన్‌కి పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారట, అందులో కొంచెం మిగిలిపోయి ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ అనే కండరాన్ని ఇబ్బంది పెడితే, దాని నరం మెడ దగ్గర మొదలవుతుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది, మెల్లగా నడిపించండి అన్నారు.

అసలు తప్పు నాది. ఏడ్చినప్పుడే పారాసిటమాల్ సిరప్ పోస్తున్నాను, అది పనిచేసేసరికి అరగంట పైనే, ఈలోపు పిల్ల బిగుసుకుపోయేది. ఆయన చెప్పినట్టు ఏడ్చినా ఏడవకపోయినా ఆరు గంటలకోసారి అలారం పెట్టుకుని రెండ్రోజులు ఇచ్చాం. కిలోకి 15 మి.గ్రా. లెక్కన 20 కిలోల మా పాపకి 300 మి.గ్రా., అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సీసా నుంచి 6 మి.లీ. (5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సీసా కూడా దొరుకుతుంది, లేబుల్ చూసుకోండి, మీ పిల్లల డోసు మీ డాక్టర్నే అడగండి.)

దగ్గొచ్చినప్పుడు పొట్టకి దిండు అదుముకోమన్నారు. దిండు వద్దంది, టెడ్డీని అదుముకుంది. జ్వరం, వాంతులు వచ్చినా, పొట్టనొప్పి పెరుగుతున్నా వెంటనే తీసుకురమ్మన్నారు గానీ ఆ అవసరం రాలేదు. మూడో రోజు పొద్దున బాల్కనీలో పిచ్చుకలకి గింజలేయడానికి తనే లేచి వెళ్లింది.