ఒకే ఇంట్లో రెండు పిల్లులు – మూడో పాఠం: గుమ్మంలో కూర్చున్న పిల్లి

కిందటి పాఠంలో తిండి గిన్నెలు వేరు చేశాం. చాలా ఇళ్లలో గుర్రుమనడం తగ్గే ఉంటుంది. అప్పుడే సంబరపడకండి. అరిచే పిల్లి కన్నా, చప్పుడు చేయకుండా గుమ్మంలో కూర్చునే పిల్లితోనే మనకు ఎక్కువ పని.

మన పాఠాల ఇంటినే తీసుకుందాం. అమలాపురం పక్క పల్లెలో పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక పెరడు. పాత పిల్లి నల్లది, కొత్తగా వచ్చింది చారలది. పెరట్లో బూడిదతో చేపలు తోముతున్నారు. ఆ వాసనకి చారలది వంటింట్లోంచి బయల్దేరింది. పెరటి గుమ్మానికి అడ్డంగా నల్లది పడుకుని ఉంది. చూసేవాళ్లకి కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. తోక చివర చూడండి, అక్కడి రెండంగుళాలే అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. చెవులు కాస్త పక్కలకి తిరిగాయి. కన్ను ఆర్పడం లేదు. చారలది ఆగింది, ఏదో పనున్నట్టు ఒళ్లు నాక్కుని వెనక్కి వెళ్లిపోయింది. గోల లేదు గానీ దారి మూసుకుపోయింది. ఇసుక తొట్టి ఆ గుమ్మం అవతలే ఉంటే, ఇంకేముంది, చారలది మంచం కింద పోస్తుంది. తిట్లు దానికే పడతాయి. పోసింది అది, పోయించింది నల్లది.

ఈ వారం నేర్చుకోవాల్సింది ఆ చూపు తెంచడం. అరవొద్దు, నీళ్లు చల్లొద్దు, చీపురు జోలికి అసలు పోవద్దు. పిల్లి ఆ భయాన్ని ఎదురుగా ఉన్న రెండో పిల్లికే ముడిపెట్టుకుంటుంది. ఓ అట్టముక్కో దిండో తెచ్చి రెండింటి మధ్య నింపాదిగా అడ్డం పెట్టండి. చూపు తెగగానే నల్లదాన్ని తాడు ముక్కతో ఆడిస్తూ ఇంకోవైపు మళ్లించండి. కలబడ్డాక మాత్రం చెయ్యి పెట్టకండి, అదే అట్టతో విడదీసి వేర్వేరు గదుల్లో ఉంచండి. కరిస్తే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇంటి పిల్లే కదా అనుకోవద్దు.

చూపు తెంచడం ఆ పూటకే. టెన్షన్ నిజంగా తగ్గాలంటే రెండో దారి ఉండాలి. కిటికీ పక్కన బల్ల వేస్తే చారలది పైనుంచి పోతుంది. తొట్లు రెండు పిల్లులకి మూడు, అవి కూడా వేర్వేరు చోట్ల. మూడూ ఒక్కచోటే పెడితే పిల్లి లెక్కలో ఒకటే. ఇసుక బదులు కోనసీమలో కొదవలేని కొబ్బరి పొట్టు వాడుకోవచ్చు, తడి బాగా పీలుస్తుంది. వానాకాలంలో మాత్రం ఎండినదే వేయండి.

ఒక్క హెచ్చరిక. మగపిల్లి తొట్టిలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే అది పిల్లుల గొడవ అనుకోకండి. మూత్రం బిగిసి ఉండొచ్చు, ప్రాణం మీదకొస్తుంది. తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టరుకి చూపించండి. మెత్తగా ఉండే పిల్లి ఉన్నట్టుండి మీద పడుతున్నా ముందు ఒంట్లో నొప్పి ఉందేమో చూపించాలి.

ఇంటిపని: ఇంటి పటం గీసి, ఏ పిల్లి ఎక్కడ ఆగి వెనక్కి తిరుగుతోందో అక్కడ చుక్క పెట్టండి. చుక్కలు గుమ్మాల దగ్గరే గుమిగూడతాయి, రెండో దారి అక్కడే కావాలి. ఒక్కో పిల్లి పడక మీద ఒక్కో పాత పంచె ముక్క వేయండి. వచ్చే పాఠంలో దోమల మెష్ తలుపుకి అటూ ఇటూ ఆ ముక్కల్ని మార్చబోతున్నాం. అప్పటిదాకా ఉతకొద్దు, పిల్లి వాసన వాటికి పట్టే ఉండాలి.