వేసవి గాలివానలు: మబ్బు పట్టకముందే చేసుకోవాల్సిన పనులు

తుపాను వస్తుందంటే రెండు మూడు రోజుల ముందే పేరుతో సహా తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట విరుచుకుపడే గాలివాన అలా కాదు. పగలంతా ఎండ మండిపోతుంది. మూడు, నాలుగింటికి ఓ మూల క్యుములోనింబస్ మబ్బు, అంటే ఉరుములు, పిడుగులు తెచ్చే ఎత్తైన మబ్బు లేస్తుంది. గంట తిరిగేసరికి చెట్లు, స్తంభాలు రోడ్డు మీద ఉంటాయి. వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందు ఎల్లో, ఆరెంజ్ అలర్టులు జిల్లాల వారీగా ఇస్తుంది కానీ, ఏ ప్రాంతం మీద పడబోతోందో తేల్చే హెచ్చరిక మాత్రం వచ్చే మూడు గంటలకే. ఆ కాస్త టైంలో రేకులు బిగించలేం, కొమ్మలు కొట్టించలేం. అవి మార్చిలోనే అయిపోవాలి.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కి.మీ. గాలికి గలగలలాడి ఊరుకున్న రేకు 80 కి.మీ. గాలికి లేచిపోయేది అందుకే. మన దగ్గర చాలామంది రేకుల మీద బండరాళ్లు పెట్టి, ఇక భయం లేదనుకుంటారు. రేకు లేస్తే ముందు ఆ రాళ్లే ఇంట్లోవాళ్ల నెత్తిన పడతాయి. రాళ్లు దింపేసి హుక్ బోల్టులు వేయించండి. చూరు అంచుల్లో దగ్గరదగ్గరగా ఉండాలి, గాలి మొదట పట్టుకునేది అక్కడే. డాబా మీద ఖాళీ సింటెక్స్ ట్యాంకు ఉంటే నింపి ఉంచండి. ఇంటి మీదికి వాలిన కొమ్మల సంగతి చూడండి. అవి కరెంటు తీగలకు దగ్గరగా ఉంటే మీరు కొట్టకండి, లైన్‌మన్‌కు చెప్పండి.

గోడల విషయంలో మాత్రం అశ్రద్ధ అసలు పనికిరాదు. 2024 మే 7 రాత్రి హైదరాబాద్ బాచుపల్లిలో గాలివానకు గోడ కూలి, పక్కనే షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. పొట్టకూటికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. సరిగ్గా ఆరు రోజులకు ముంబై ఘాట్‌కోపర్‌లో పెద్ద హోర్డింగ్ పెట్రోల్ బంకు మీద పడి 17 మంది పోయారు. పగుళ్లిచ్చిన ప్రహరీ, సగం కట్టి వదిలేసిన గోడ, హోర్డింగ్... వీటి పక్కన ఆ పూట బండి కూడా ఆపవద్దు. సైట్లలో కూలీల షెడ్లు గోడకు ఆనించి వేయించే మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

రైతులకు అసలు టెన్షన్ కల్లంలో ఉంటుంది. మబ్బు చూడగానే ధాన్యం, మిర్చి మీద పట్టా కప్పడానికి పరుగెత్తడం సహజం. పిడుగు పడేది కూడా ఆ బయలులోనే. కోతల రోజుల్లో మధ్యాహ్నానికల్లా రాశి చేసి, పట్టా కప్పి, అంచులకు ఇసుక బస్తాలు పెట్టేయండి. సాయంత్రం ఎండ కాస్త వృథా అయినా ఫర్వాలేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఫోన్లో దామిని యాప్ ఉంటే మీ చుట్టూ 20, 40 కి.మీ. పరిధిలో పిడుగుల ముప్పు చూపిస్తుంది. యాప్ లేకపోయినా చెవులున్నాయి: ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగలదు. గొర్రెల కాపరులు, ఉపాధి పనికి వెళ్లినవాళ్లు చెట్టు కిందికి చేరకూడదు. స్లాబు ఇల్లు, బడి, బస్సు, అద్దాలు ఎత్తిన కారు మంచివి. పూరిపాక పిడుగును ఆపదు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకు షాక్ కొట్టదు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద నొక్కుతూ ఉండండి.

ఎండకు ఉడికిపోయాక చల్లటి గాలి దుమ్ముతో తోసుకొస్తే ప్రాణం లేచొస్తుంది, అందరూ డాబా ఎక్కుతారు. నిజానికి అది మబ్బు నుంచి కిందికి దూకిన గాలి. అసలు వాన వెనకే ఉంటుంది. అప్పుడే లోపలికి రావాలి. కిటికీలు, తలుపులు వేయండి, గాలి లోపల దూరితే పైకప్పును కిందినుంచి ఎత్తుతుంది. కూలరు, టీవీ ప్లగ్గులు పీకేయండి.

వాన వెలిశాక పిల్లలు మామిడితోటకు పరుగు తీస్తారు. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా పంపకండి. పంపేముందు దారిలో తీగలు తెగిపడ్డాయేమో పెద్దవాళ్లు చూడాలి. తీగ కనిపిస్తే, ముఖ్యంగా నీళ్లలో పడి ఉంటే, కరెంటు పోయిందిలే అనుకుని కర్రతో కదపొద్దు. సరఫరా ఏ క్షణమైనా తిరిగి రావచ్చు. దూరంగా నిలబడి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చేదాకా ఆ దారిన ఎవరినీ రానివ్వకండి.