పాత అమెరికా ఎర్రమట్టి పళ్లెం, మన మెహందీ కోన్‌తో

పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ కుమ్మర్లు 18వ శతాబ్దం నుంచి చేసిన ఎర్రమట్టి పళ్లేలు ఒక్కసారి చూస్తే వదలవు. ఎర్రటి మట్టి మీద లేత పసుపు వంకర గీతలు, తులిప్ పువ్వులు, పక్షులు. హైదరాబాద్‌లో కూర్చుని ఆ రకం చేసుకోవచ్చు, సొంత బట్టీ కూడా అక్కర్లేదు, డబ్బులు తీసుకుని కాల్చిచ్చే పాటరీ స్టూడియోలు ఉన్నాయి.

కుండలు చేసేవాళ్లను అడిగితే ఎర్రమట్టి దొరుకుతుంది. గీతలకి బాల్ క్లే, చైనా క్లే అనే రెండు రకాల తెల్లమట్టి కలిపి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, దోసె పిండంత జారుగా ఉంచుకోండి. నేను మొదటిసారి చైనా క్లే ఒక్కటే వాడాను, పైగా మే నెలలో ఫ్యాన్ కింద ఆరబెట్టాను, తెల్లారేసరికి గీతలన్నీ పాత గోడ సున్నంలా పెచ్చులూడి పడున్నాయి. కింది మట్టి ఎంత కుంచించుకుంటుందో పైది కూడా దాదాపు అంతే కుంచించుకోవాలి, చైనా క్లే ఒక్కటే అయితే అంత కుంచించుకోదు.

అసలు కిటుకు ఇక్కడుంది. పళ్లెం చేశాక ముగ్గు పెడదామనుకుంటాం కదా, ఆ జర్మన్ కుమ్మర్లు ముందే పెట్టేవాళ్లు. మట్టిని అప్పడాల కర్రతో ఏడెనిమిది మిల్లీమీటర్ల మందాన పరిచి, అలా చదునుగా ఉండగానే గీతలు గీసేవాళ్లు. ఈక గొట్టాలు బిగించిన చిన్న మట్టి కప్పు వాళ్ల పనిముట్టు, మూడు గొట్టాలుంటే మూడు గీతలు ఒకేసారి పడతాయి. మనకి లాడ్‌బజార్‌లో దొరికే ఖాళీ మెహందీ కోన్ చాలు. గీత మీద తడి మెరుపు పోయాక చెక్కతో మెల్లగా తట్టి లోపలికి దించండి, తర్వాత బోర్లించిన స్టీలు పళ్లెం మీద పల్చటి గుడ్డ వేసి, డిజైన్ కిందికి వచ్చేలా పరిచి, అంచు కోసి, కజ్జికాయలు కోసే చక్రం దొర్లించండి. వాళ్లూ అంచుకి అలాంటి పళ్ల చక్రమే వాడేవాళ్లు. పైన ప్లాస్టిక్ కవర్ కప్పి నాలుగైదు రోజులు నిదానంగా ఆరనివ్వండి.

కాల్చేది 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర. గ్లేజ్, అంటే పైన వేసే గాజులాంటి మెరుపు పూత, మాత్రం సీసం లేనిదే అని స్టూడియోలో గట్టిగా చెప్పండి. పాతవాటి మీదున్నది సీసం గ్లేజే, పులుపు తగిలితే కరిగి తిండిలోకి దిగుతుంది, 1785లోనే ఫిలడెల్ఫియా పత్రికలో దీని మీద హెచ్చరిక వచ్చింది. ఆ పసుపు ఛాయ కావాలంటే గ్లేజ్‌లో చిటికెడు ఐరన్ ఆక్సైడ్ వేయించండి. పూత లోపలి వైపే, వెనక ఉత్త మట్టి.

కోన్‌తో చెయ్యి వణికితే పళ్లెమంతా తెల్లమట్టి పూసి, కాస్త గట్టిపడ్డాక మేకుతో గీకండి, కింది ఎరుపు బయటపడుతుంది. జర్మన్లు ఇలాగే అంచు చుట్టూ సరదా మాటలు రాసేవాళ్లు. నా పళ్లెం మీద 'ఉప్పు ఎవరూ వెయ్యలేదు' అని ఉంది.