పింగాణీ పళ్లెం మీద మహలు కమానులు – 3వ పాఠం: అంచును పంచడం

బెంగళూరులో కోటె వెంకటరమణస్వామి గుడి పక్కనున్న టిప్పు వేసవి మహలుకు వెళ్లి, నచ్చినవి గీసుకు రమ్మన్నాను కదా. హైదర్ అలీ 1781లో మొదలుపెట్టిన ఈ టేకు కట్టడాన్ని టిప్పు 1791లో పూర్తిచేయించాడు. గోడల మీది పూలు చూడగానే అన్నీ పళ్లెంలోకి ఎక్కించాలనిపిస్తుంది. వద్దు. ఒక్క కమాను, ఒక్క మొగ్గ చాలు.

అసలు చిక్కు వేరే ఉంది. మహల్లో కమానులు తిన్నని వరుసలో నిలబడతాయి, పళ్లెం అంచేమో గుండ్రం. 25 సెంటీమీటర్ల పళ్లేనికి బయటి చుట్టుకొలత దాదాపు 78.5 సెంటీమీటర్లు, అంచు లోపలి గీత దగ్గర, అంటే 17 సెంటీమీటర్ల వ్యాసం దగ్గర, 53 మాత్రమే. పన్నెండు కమానులు వేస్తే ఒక్కొక్కదానికి బయట ఆరున్నర, లోపల నాలుగున్నర లోపే. స్తంభాలు కూడా గీస్తే విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. అందుకే నేను స్తంభాలు వదిలేసి వంపు మాత్రమే ఉంచుతాను. వంపు శిఖరం బయటికి, పాదాలు లోపలికి. రెండు శిఖరాల మధ్య మిగిలే ముక్కోణంలో మొగ్గ చక్కగా ఒదుగుతుంది.

కంటి అంచనాతో పంచకండి. నా మొదటి పళ్లెంలో పదకొండు కమానులు పట్టాక సగం కమానుకు చోటు మిగిలింది. ఇప్పుడు దాని మీద కుండీ పెట్టుకున్నాను. పళ్లెమంత కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి సగానికి, ఆ సగాన్ని మూడు మడతలుగా, మళ్లీ సగానికి మడవండి. విప్పితే పన్నెండు భాగాలు.

ఒక భాగంలో కమాను గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడవండి. పళ్లేన్ని స్పిరిటుతో తుడిచి, ఆరాక కాగితం ఆనించి, గుడ్డ మూటలో కట్టిన బొగ్గుపొడితో తట్టండి. చిల్లుల డబ్బాతో ముగ్గు వేసినవారికి ఇది కొత్త కాదు. చుక్కలు పడతాయి, వాటిని పలుచని రంగుతో కలపండి. మిగిలిన బొగ్గు బట్టీలో కాలిపోతుంది.

రంగు సీసం లేనిదో కాదో డబ్బా మీద చూసి కొనండి. అయినా గాజుపూత పైన వేసే రంగు చెంచా రాపిడికి అరుగుతుంది కాబట్టి అన్నం పెట్టే నడిమి భాగాన్ని తెల్లగానే వదలండి.

వచ్చే పాఠంలో సుమారు 800 డిగ్రీల దగ్గర కాల్చడం, ఆ తర్వాత బంగారు గీత. ఈలోగా రంగు వేసిన పళ్లేన్ని దుమ్ము పడకుండా బోర్లించిన అట్టపెట్టె కింద ఉంచండి. తడి రంగుకు అంటిన నూగు కాలాక మచ్చగా మిగలవచ్చు.