పాత ఇంటి స్టీమ్ బాయిలర్, పాఠం 4: ప్రెషర్ అంకెలు, పూడిపోయిన పిగ్‌టెయిల్, సగం తిప్పిన వాల్వు

"కట్-ఇన్ 0.5, డిఫరెన్షియల్ 1 పెట్టండి" అని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ప్రెషర్‌ని బట్టి బర్నర్‌ని వెలిగించి ఆపే కంట్రోల్, అంటే ప్రెషర్‌ట్రాల్, మీద పెట్టే అంకెలివి, పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లు). కట్-ఇన్ అంటే బర్నర్ వెలిగే ప్రెషర్, డిఫరెన్షియల్ అంటే వెలిగే ప్రెషర్‌కీ ఆగే ప్రెషర్‌కీ తేడా. అలా పెట్టాక కొందరి బాయిలర్ ఆగడం లేదట. కొందరిది ఆగితే మళ్లీ వెలగడం లేదట. ఇంకొందరికి గేజ్ ముల్లు కదలనే లేదట. హార్ట్‌ఫర్డ్ లూప్ (బాయిలర్ పక్కన రిటర్న్ పైపుని కలిపే అమరిక) సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు వీటి సంగతి చూద్దాం.

ముల్లు కదలనివాళ్లు కంగారు పడక్కర్లేదు. బాయిలర్ మీద ఉండే 0–30 పీఎస్ఐ గేజ్‌లో ఒకటిన్నర పీఎస్ఐ సరిగా కనబడదు. పైగా రేడియేటర్లన్నీ వేడెక్కి, ప్రెషర్ పెరిగేలోపే థర్మోస్టాట్ బర్నర్‌ని ఆపేస్తే అంతకన్నా కావలసిందేముంది! ఆ గేజ్ నిబంధన ప్రకారం ఉండాల్సిందే, తీసేయకండి. పక్కన ఒక టీ (మూడు నోళ్ల పైపు ముక్క) వేసి 0–3 పీఎస్ఐ గేజ్ అదనంగా బిగించండి. నేను నమ్మేది దాన్నే. ప్రెషర్‌ట్రాల్ మీది స్కేలు ఉజ్జాయింపు మాత్రమే.

ఆగి మళ్లీ వెలగనివాళ్లు కంట్రోల్ మోడల్ చూడండి. హనీవెల్ పీఏ404ఏ అయితే పైన ఒకే స్క్రూ, మూత తీస్తే లోపల తెల్ల చక్రం ఉంటాయి. ముందున్న స్కేలు కట్-ఇన్. చక్రం అంకె దానికి కలుస్తుంది: 0.5కి 1 కలిపితే 1.5 దగ్గర బర్నర్ ఆగుతుంది. చక్రం మీది 1 మీ వైపుకి ఉండాలి. ఎల్404 రకానికి పైన రెండు స్క్రూలు, ముందు రెండు స్కేళ్లు. అక్కడ పెద్ద స్కేలు కట్-అవుట్ (బర్నర్ ఆగే ప్రెషర్), రెండోది దాంట్లోంచి తీసివేత. అందులో పెద్ద స్కేలుని బాగా కిందికి దించితే కట్-ఇన్ సున్నాకి చేరుతుంది, బర్నర్ మళ్లీ ఎందుకు వెలుగుతుంది? ఇంకో మాట: పీఏ404ఏ స్క్రూని 0.5 కన్నా కిందికి తిప్పకండి, లోపలి పట్టీ స్క్రూ నుంచి ఊడిపోతుంది. మూత తీసే ముందు కరెంటు స్విచ్ ఆపాలని వేరే చెప్పను.

ఆగనివాళ్లకి దాదాపు ఎప్పుడూ దోషి పిగ్‌టెయిల్. కంట్రోల్ కింద చుట్ట తిరిగిన ఆ పావు అంగుళం పైపులో నీళ్లు నిలబడి, ఆవిరి నేరుగా కంట్రోల్ లోపలి డయాఫ్రమ్‌ని (ప్రెషర్‌కి కదిలే పలుచని పొరని) తాకకుండా ఆపుతాయి; సింకు కింది వంపులో నీళ్లు వాసనని ఆపినట్టే. తుప్పు, బురద చేరి అది పూడిందంటే ప్రెషర్ ఎంత పెరిగినా కంట్రోల్‌కి తెలియదు. కొత్త కంట్రోల్ కొన్నా దానికీ తెలియదు. బాయిలర్ చల్లారాక, కంట్రోల్ కింద ఉన్న షట్కోణాన్ని రెంచ్‌తో పట్టి విప్పండి, డబ్బాని పట్టి తిప్పకండి. పిగ్‌టెయిల్ తీసి నోటితో ఊదండి. గాలి సాఫీగా పోకపోతే గీకుతూ కూర్చోకుండా మార్చేయండి, ఇత్తడిదైతే తుప్పు పట్టదు. అది బిగిసే బాయిలర్ కన్నాన్ని కూడా సన్నని స్క్రూడ్రైవర్‌తో శుభ్రం చేయండి, చాలామంది మరిచేది అదే. చుట్ట నిండా నీళ్లు పోసి తిరిగి బిగించండి.

ఇంతకీ తక్కువ ప్రెషర్ ఎందుకంటే, 1 పీఎస్ఐ సుమారు 28 అంగుళాల నీటిని పైకెత్తుతుంది. 2 పీఎస్ఐకి రిటర్న్‌లో, అంటే నీరు బాయిలర్‌కి తిరిగొచ్చే పైపులో, నీరు 56 అంగుళాలు లేవొచ్చు. బేస్‌మెంట్‌లో మెయిన్ ఆవిరి పైపు బాయిలర్ నీటిమట్టానికి అంత ఎత్తులో లేకపోతే, నీరు మెయిన్‌లోకి ఎక్కి దబదబా మోత మొదలవుతుంది. మెయిన్‌లోని గాలిని బయటికి వదిలి, ఆవిరి తగలగానే మూసుకునేది మెయిన్ వెంట్. అది హాఫ్‌మన్ 75 అయితే ఒకసారి మూసుకున్నాక 3 పీఎస్ఐ దాటి ఉంటే తెరుచుకోదు కూడా.

ఇక సగం తిప్పిన రేడియేటర్ వాల్వు. గది వేడెక్కుతోందని దాన్ని సగం మూస్తున్నారు. వన్-పైప్ సిస్టమ్‌లో ఇది కూడదు. ఆవిరి లోపలికి వెళ్లేదీ, నీరైపోయి వెనక్కి వచ్చేదీ అదే దారి. సగం మూస్తే ఆవిరి దూసుకెళ్తుంది, నీరు దిగలేదు. రేడియేటర్‌లో నీరు చేరి మోగుతుంది, వెంట్ నీళ్లు కక్కుతుంది. బాయిలర్‌లో మట్టం పడిపోతే ఆటోమేటిక్ ఫీడర్ కొత్త నీళ్లు నింపుతుంది. తర్వాత రేడియేటర్ నీరంతా ఒక్కసారి దిగి బాయిలర్ పొంగిపోతుంది. లీకుందని ప్లంబర్‌ని పిలుస్తారు, లీకు ఎక్కడా ఉండదు. పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా మూయండి. మూసినా మోగుతుంటే వాల్వు లోపలి డిస్క్ అరిగిందని అర్థం. వేడి తగ్గించాలంటే రేడియేటర్ వెంట్ మార్చండి: గోర్టన్ కంపెనీ వెంట్లలో 4 నెమ్మది, 5 కొంచెం వేగం, డి అన్నిటికన్నా వేగం. పడగ్గదికి 4 పెట్టి చూడండి. టూ-పైప్ ఇళ్లవాళ్లకి ఈ పేరా వర్తించదు.

సేఫ్టీ వాల్వు 15 పీఎస్ఐది. దానికీ బాయిలర్‌కీ మధ్య ఏ వాల్వూ ఉండకూడదు. కారితే బిరడా పెట్టొద్దు, మార్పించండి.

అభ్యాసం: రాత్రంతా బాయిలర్ ఆపి, తెల్లవారి చల్లటి స్థితి నుంచి మొదలుపెట్టండి. మెయిన్ మొదలు వేడెక్కిన నిమిషం, చివరున్న వెంట్ మూసుకున్న నిమిషం, ఒక్కో రేడియేటర్ సగం వరకు వేడెక్కిన నిమిషం రాయండి. బర్నర్ ఆగినప్పుడూ వెలిగినప్పుడూ 0–3 గేజ్ ఎంత చూపిందో కూడా రాయండి. 3 దాటబోతుంటే చేత్తో ఆపేయండి. మూడు తెల్లవారుజాముల లెక్క ఉంటేనే వచ్చే పాఠంలో మెయిన్ వెంట్ సైజు లెక్కకట్టగలం.