థాయిలాండ్‌లో రిటైర్మెంట్ వీసా పొడిగింపుకు ముందు జాగ్రత్తలు

యాభై ఏళ్లు నిండి, బ్యాంకు నిల్వ చూపి ఏటా గడువు పొడిగించుకునేవారు మూడు నెలల ముందే వీటిని సరిచూసుకోవాలి.

దరఖాస్తుకు ముందు రెండు నెలలు, ఆమోదం తర్వాత మూడు నెలలు థాయ్ బ్యాంకులో మీ పేరిట 8,00,000 బాత్‌లు ఉండాలి, ఆపైన కూడా నిల్వ 4,00,000కు తగ్గకూడదు. ఆసుపత్రి బిల్లు కోసం ఒక్కరోజు తీసి మర్నాడే తిరిగి వేసినా పాస్‌బుక్‌లో ఆ వరుస కనిపిస్తుంది, దానివల్ల పొడిగింపే చేజారవచ్చు. కాబట్టి రోజువారీ ఖర్చులకు వేరే ఖాతా పెట్టుకోవడం మేలు.

రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటకండి, ఎందుకంటే దాటిన క్షణమే ఆ పొడిగింపు రద్దవుతుంది. ఇంటి నుంచి కబురు వస్తే వెంటనే బయలుదేరవలసినవారు పలుమార్లకు చెల్లే 3,800 బాత్‌ల పర్మిట్‌ను ముందే తీసుకోవడం మంచిది.

ప్రతి తొంభై రోజులకు ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి ఇచ్చే చిరునామా నివేదికను గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు ఇవ్వవచ్చు.

ఏడాదిలో 180 రోజులు అక్కడ ఉన్నవారు 2024 నుంచి ఆర్జించి థాయిలాండ్‌కు తెచ్చిన విదేశీ ఆదాయం పన్ను పరిధిలోకి వస్తుంది. అంతకు ముందరి పొదుపు అని నిరూపించే 2023 డిసెంబరు 31 నాటి స్టేట్‌మెంట్లను భద్రపరచుకోండి.