వయ్యారిభామను పీకబోయే ముందు

తొలకరి పడ్డ నెల రోజులకే గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ అనే కలుపు మొక్క (పార్థీనియం) ఏపుగా లేస్తుంది. తెల్లపూలు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే దాన్ని పీకాలి. అప్పుడైతే వేరుతో సహా వస్తుంది. పైపైన తెంపితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పూత ముదరనిస్తే ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది.

వట్టి చేతులతో ముట్టుకోవద్దు. తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. "ఎన్నేళ్లుగానో పీకుతున్నాను, నాకేం కాలేదు" అనే ధీమా అసలే వద్దు. పదే పదే తగిలాకే ఇది ఒంటికి పడకుండా పోతుంది. మా పక్కింటి పెద్దాయన ఏటా పెరడంతా తనే శుభ్రం చేసేవారు. ఒక శ్రావణమాసంలో తెల్లారి లేచేసరికి కనురెప్పలు ఉబ్బిపోయాయి. మెడ, మోచేతి మడతలు కందిపోయాయి. ఎండలోకి వస్తే మంట. పుప్పొడితో ఆస్తమా కూడా ఎక్కువవుతుంది. అందుకే బడి పిల్లలతో శ్రమదానం పేరిట దీన్ని పీకించడం చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. దయచేసి ఆ పని చేయించకండి. పీకిన వెంటనే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

వినాయక చవితి పత్రి కోసేటప్పుడూ జాగ్రత్త. దీని ఆకు మాచిపత్రిలాగే చీలికలుగా ఉంటుంది. మాచిపత్రి నలిపితే ఘాటైన సువాసన వస్తుంది కదా అని దీన్ని నలిపి చూడకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్కను 1950ల్లో పుణెలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఊరూరికీ చేర్చిన పాపంలో మాత్రం మన వాటా పెద్దది. మొరం టిప్పర్లలో, ట్రాక్టర్ చక్రాల బురదలో, సరిగా మాగని పేడ ఎరువులో విత్తనాలను మనమే మోస్తున్నాం. కొని వదిలేసిన ప్లాటు దానికి నారుమడి. మట్టి తోలించుకునే ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. చక్రాలు కడిగాకే పొలంలోకి దించండి. ఖాళీ జాగాలో తంగేడు పెంచండి. పూసిన మొక్కలను కాలువలో పారేయకుండా, ఎరువు గుంతలో వేయకుండా, లోతుగా పూడ్చండి.

మందు కొట్టాలనుకుంటే ముందు ఆకులు పరికించి చూడండి. లేత పసుపు వీపు మీద ముదురు చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే అక్కడ కొట్టకండి. అవి ఈ మొక్కను తినడానికే 1980ల్లో మెక్సికో నుంచి తెప్పించినవి. తిననివ్వండి.